శాహజి పంచభాషా విలాసము, సామాన్యుల వాడుక: ఒక విమర్శ

తంజావూరు నేలిన మహారాష్ట్ర ప్రభువులలో శాహజి (1684–1712) పల్లకీసేవా ప్రబంధము మనవారికి సుపరిచితము. ఆయన రచనయగు పంచభాషా విలాస నాటకమును గూర్చి మాత్రము మన సభలలో ప్రసంగములు తక్కువ. తమిళము, తెలుగు, మరాఠీ, హిందీ, సంస్కృతము అను ఐదు భాషలను ఒకే రంగముపై నిలిపిన నాటకమిది. వేర్వేరు దేశముల రాకుమార్తెలు శ్రీకృష్ణుని వలచి, ఎవరి పలుకున వారు తమ విరహమును చెప్పుకొందురు. ఇంటిభాష మరాఠీయైన రాజు ఇట్టి నాటకమును తలపెట్టుటయే మెచ్చదగినది.

అయినను ఇందు నాకొక లోటు తోచుచున్నది. నాయికకొక భాష. ఆంధ్రకన్య ఆంధ్రమున, ద్రావిడకన్య ద్రావిడమున విలపించును. వైవిధ్యమనగా వేర్వేరు మనుష్యులు ప్రక్కప్రక్కన నిలుచుట యని ఆస్థానపు భావన. మన సంఘముల సాంస్కృతిక సభలును నేటికి ఈ భావననే అనుసరించుచున్నవి. సామాన్యులు దీనిని మరొక విధముగా నెరుగుదురు. సోలాపురమున పద్మశాలి ఇల్లాలు బిడ్డను తెలుగున లాలించి, ఆ నోటితోనే అంగడిలో మరాఠీ బేరమాడును. హొసూరు సంతలో రైతు తెలుగు, తమిళము, కన్నడము మూడింట లెక్క సరిచూచుకొనును. వైవిధ్యమన నేమని అడిగినచో అతడు తెల్లబోవును. ఏ మాట ఎక్కడ చెల్లునో మాత్రము చక్కగా నెరుగును.

పండుగల విషయమును అంతే. చైత్రశుద్ధ పాడ్యమినాడు కన్నడిగులకు బేవుబెల్లము, మహారాష్ట్రులకు గుడి, మనకు పచ్చడి. తమిళనాటను ఒడిశాలోను సంవత్సరాది సౌరమానమున ఏప్రిల్ నడుమ వచ్చును. అచ్చటి తెలుగు ఇండ్లలో రెండును జరుపుకొనువారు కలరు. అసలు సంవత్సరాది ఏదని పెద్దలు తగవులాడిన ఆడుదురు గాక, పిల్లలకు రెండుమార్లు పిండివంటలు!

అయితే ఈ సర్దుబాటును మెచ్చుకొని ఊరకుండుట విమర్శకుని పని కాదు. పనికొక భాష ఏర్పడినచోట, పని పోయిన భాషయు పోవును. తంజావూరు సీమలోని మేలట్టూరున నృసింహజయంతికి వేంకటరామశాస్త్రిగారి ప్రహ్లాద చరిత్రమును తెలుగున ఆడుదురు. చూచువారిలో పెక్కురు తమిళులు. త్యాగరాజస్వామి (1767–1847) కృతులను తమిళలిపిలో వ్రాసికొని పాడువారు భక్తియందు మనకు తీసిపోరు. పాటలో, పూజలో తెలుగునకు అచ్చట పెద్దపీట దొరకినది. ఆ పీట వంటయింటి పీటకు సరిపోవునా? మన సభలలోనే బాలిక యొకతె వేదికపై తెలుగుపద్యము తప్పులేక చదివి, దిగివచ్చి, తల్లిని వేరొక భాషలో మంచినీళ్లడుగుట చూచితిని. తల్లియు ఆ భాషలోనే బదులు చెప్పెను. సభ యావత్తు ఆ పద్యమునకు కరతాళధ్వనులు చేయుచుండెను.

2011 జనాభా లెక్కలవారు మాతృభాష నొకదానిని, తెలిసిన ఇతర భాషలను రెండింటివరకు వ్రాసికొనిరి. ఏ భాష ఏ పనికని అడుగలేదు. మన సంఘములు సభ్యుల పట్టికలు వ్రాయునపుడు ఆ ప్రశ్నను చేర్చవలెనని నా మనవి. బజారునకు ఏ భాష, బడికి ఏ భాష, పాటకు ఏ భాష, పసిబిడ్డతో పలుకుటకు ఏ భాష అని నాలుగు గడులు చాలును. చదువునపుడు తుది గడితో మొదలుపెట్టవలెను.