కాయిల్ గుర్తు లోపల

రిలే కాయిల్‌ని గీయడం చాలా తేలిక. అమెరికా పద్ధతిలో అది ఒక చిన్న వృత్తం. మన దేశంలో ఎక్కువగా కనిపించే ఐఈసీ పద్ధతిలో ఒక దీర్ఘచతురస్రం. అటూ ఇటూ చెరో గీత. ఏ డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేరులోనైనా అర నిమిషం పని. కానీ అదే గుర్తును ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్ లైబ్రరీలోంచి తీసి సర్క్యూట్‌లో పెట్టి చూడండి. దానికి ఒక పేరు వస్తుంది. తన కాంటాక్టులు ఏ షీటులో, ఏ వరుసలో ఉన్నాయో పక్కనే చెబుతుంది. మోడల్ ఎంచుకున్నాక, కొనాల్సిన సామాన్ల పట్టీ (బీఓఎం)లోకి కంపెనీ పేరుతో, కేటలాగ్ నంబరుతో సహా వెళ్లి కూర్చుంటుంది. చేత్తో గీసిన వృత్తానికి ఇవేవీ చేతకావు. కంటికి మాత్రం రెండూ ఒకటే.

ఆ తేడా అంతా గుర్తు లోపల పెట్టిన చిన్న చిన్న అక్షరాల గళ్లది. వాటినే అట్రిబ్యూట్లు అంటారు. కాయిల్‌కు ఏ గళ్లు ఇవ్వాలి, కాంటాక్టుకు ఏవి, టెర్మినల్‌కు ఏవి అని నిర్ణయించినవాళ్లు ప్యానెల్ పనిని ఎంత దగ్గరగా చూశారో ఆ గళ్ల పేర్లు చదువుతుంటే తెలుస్తుంది. ఈ సాఫ్ట్‌వేరులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

అట్రిబ్యూట్ ఆటోక్యాడ్‌కు కొత్త కాదు. టైటిల్ బ్లాకులో డ్రాయింగ్ నంబరు, తేదీ నింపుతామే, అవీ అట్రిబ్యూట్లే. వీఐఏ డెవలప్‌మెంట్ అనే సంస్థ ఆ పాత సదుపాయాన్నే పట్టుకుని వైరింగ్ డయాగ్రమ్‌ల కోసం ఒక సాఫ్ట్‌వేరు కట్టింది. 2003లో ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ ఆ సంస్థను కొనేసింది. ఆనాటి ఆనవాళ్లు ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్ లోపల ఇంకా ఉన్నాయి. డ్రాయింగ్ సెట్టింగులను దాచుకునే కనిపించని బ్లాకు పేరు ఇప్పటికీ డబ్ల్యూడీ అన్న అక్షరాలతోనే మొదలవుతుంది. సర్క్యూట్ కోసం వాళ్లు కొత్త వస్తువును కనిపెట్టలేదు. గీతలనూ గళ్లనూ ఒకటిగా కట్టే పాత బ్లాకునే తీసుకుని, అందులోని గళ్లకు ఏ పేరు ఉంటే ఏ అర్థమో నియమం పెట్టారు. మిగతా పనంతా ఆ పేర్ల మీదే నడుస్తుంది.

గుర్తు ఫైలు పేరు నుంచే ఈ క్రమశిక్షణ మొదలవుతుంది. హెచ్‌సీఆర్1 అంటే అడ్డంగా నడిచే వైరు మీద పెట్టే కంట్రోల్ రిలే కాయిల్. మొదటి అక్షరం వైరు అడ్డమా నిలువా అన్నది చెబుతుంది. తర్వాతి రెండూ పరికరం కుటుంబం: పీబీ అంటే పుష్ బటన్, ఎల్‌ఎస్ అంటే లిమిట్ స్విచ్. ఆ తర్వాత 1 ఉంటే అది అసలు పరికరం, 2 ఉంటే దాని మీద ఆధారపడ్డ భాగం. కాబట్టి హెచ్‌సీఆర్21 రిలే తాలూకు ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే) కాంటాక్టు, హెచ్‌సీఆర్22 ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే) కాంటాక్టు. ఇది పట్టుబడితే లైబ్రరీ ఫోల్డరును పేర్లతోనే చదువుకోవచ్చు.

గుర్తు తెరిచి చూస్తే, కాయిల్‌లో పేరు రాసే గడి ట్యాగ్1. కాంటాక్టులో అదే పని చేసే గడి ట్యాగ్2. ఎవరు ముఖ్యులో, ఎవరు అనుబంధమో ఈ ఒక్క అంకెతో తేలిపోతుంది. కాంటాక్టుకు సొంత పేరు లేదు. ఇంటిపేరు పంచుకున్నట్టు కాయిల్ పేరునే అది మోస్తుంది. కాయిల్‌ని కె1 నుంచి కె7గా మారిస్తే, మూడు షీట్ల అవతల ఉన్న కాంటాక్టులను కూడా సాఫ్ట్‌వేరు వెతికి కె7 చేయగలదు.

ఇంకో తేడా ఉంది. దాన్ని కనిపెట్టాలంటే ఏది లేదో చూడాలి. కాయిల్‌లో తయారీదారు పేరుకు ఎంఎఫ్‌జీ, మోడల్‌కు క్యాట్ అని గళ్లున్నాయి. కాంటాక్టులో ఆ రెండూ లేవు. ఎందుకంటే కాంటాక్టును విడిగా ఎవరూ కొనరు. రిలే కొంటే దానితో పాటే వస్తుంది. కాంటాక్టు గుర్తుకు కూడా క్యాట్ గడి పెట్టి ఉంటే, నాలుగు కాంటాక్టులు వాడిన ఒక్క రిలే బీఓఎంలో ఐదుగా లెక్కపడే ప్రమాదం ఉండేది. ఆ ప్రమాదాన్ని ప్రోగ్రాములో ఏ షరతులతోనో ఆపే పని పెట్టుకోకుండా, గడే లేకుండా చేసి మొదట్లోనే తీసేశారు. స్టోర్స్‌లో సామాను లెక్క తెలిసినవాళ్లకే ఇలాంటి ఆలోచన వస్తుందని నా నమ్మకం.

వాటికి బదులుగా కాంటాక్టుకు దక్కిన గడి పేరు కాంటాక్ట్. అందులో ఎన్‌ఓ అనో ఎన్‌సీ అనో ఉంటుంది. కాయిల్‌కు కేటలాగ్ నంబరు ఇచ్చినప్పుడు, ఆ మోడల్‌కు ఏ పిన్లు ఉన్నాయో కేటలాగ్ డేటాబేసులో రాసి ఉంటే, సాఫ్ట్‌వేరు ఈ గడి చూసే పంపకం చేస్తుంది. ఉదాహరణకు, ఎన్‌ఓ అయితే 13-14, ఎన్‌సీ అయితే 21-22. కాంటాక్టర్ మీద అచ్చు పోసి ఉండే అంకెలే ఇవి. వాటి చివరి అంకెల్లో 1-2 ఎన్‌సీకి, 3-4 ఎన్‌ఓకి గుర్తు. ఉన్న పిన్లకంటే ఎక్కువ కాంటాక్టులు అడిగితే అక్కడే హెచ్చరిక వస్తుంది. ఈ చిక్కు ప్యానెల్ బిగించాక బయటపడితే యాడ్ఆన్ కాంటాక్టు బ్లాకు కోసం పరుగులు పెట్టాలి. డ్రాయింగ్ దశలోనే బయటపడటం చిన్న మేలు కాదు.

వైరు తగిలే చోటు కోసం పెట్టిన గడి పనితనంలో వీటన్నిటినీ మించింది. ఎక్స్4టెర్మ్01 అని ఒకటి, ఎక్స్1టెర్మ్02 అని ఒకటి. చూడగానే అర్థమయ్యే పేర్లు కావు. కానీ ఎక్స్ పక్కన ఉన్న అంకె వైరు ఏ వైపు నుంచి వస్తుందో చెబుతుంది. కుడి నుంచి 1, పైనుంచి 2, ఎడమ నుంచి 4, కింది నుంచి 8. ఎడమచుట్టుగా తిరుగుతూ అంకె రెట్టింపవుతుంది. మోటారులాగా వైర్లు ఏటవాలుగానూ వచ్చే గుర్తులకు సున్నా. చివరి 01, 02 అంకెలు టెర్మ్01, టెర్మ్02 గళ్లతో జత కడతాయి; ఏ1, ఏ2 లాంటి అచ్చు పిన్ నంబర్లు ఉండేది వాటిలో.

ఈ ఎక్స్ గడిలో ఏం రాశామన్నదానితో పని లేదు, అది ఎక్కడ కూర్చుందన్నదే సమాచారం. గుర్తును వైరు మీద వదిలితే సాఫ్ట్‌వేరు ఆ రెండు ఎక్స్ గళ్లు ఉన్న బిందువులు చూసి, మధ్యలో వైరును తుంచి, రెండు కొసలనూ సరిగ్గా అక్కడికి కలుపుతుంది. అక్షరాలు రాయడానికి పుట్టిన అట్రిబ్యూట్‌ను కొలత చెప్పే బిందువుగా వాడటం ఎవరి ఆలోచనో గానీ, చాలా గొప్ప ఆలోచన.

ఇలాంటిదే ఇంకోటి. ఈ పేరు మార్చొద్దు అని ఒక పరికరానికి ముద్ర వేస్తే, దాని గడి పేరు ట్యాగ్1 నుంచి ట్యాగ్1ఎఫ్‌గా మారుతుంది. వైరు నంబరు గడికీ అదే పద్ధతి. ఖాతాదారు ముందే పేర్లు ఖాయం చేసి పంపిన పాత ప్లాంటు డ్రాయింగులలో ఈ ఒక్క అక్షరం చాలా కాపాడుతుంది. డ్రాయింగంతటికీ కొత్తగా పేర్లు పెట్టమన్నా సాఫ్ట్‌వేరు ఆ పరికరాన్ని ముట్టుకోదు.

టెర్మినళ్లది వేరే తీరు. వాటికి పేరు కాకుండా ట్యాగ్‌స్ట్రిప్ అని వరుస పేరు ఉంటుంది, ఎందుకంటే ప్యానెల్‌లో టెర్మినల్ ఒంటరిగా ఉండదు, రైలు మీద వరుసగా ఉంటుంది. టెర్మినల్ దాటాక వైరు నంబరు మారాలా వద్దా అన్నది ఏ గుర్తు ఎంచుకున్నామన్న దాన్ని బట్టి తేలుతుంది. ఫెర్రూల్ తొడిగే వైర్‌మ్యాన్‌కు ఆ తేడా ఎంత ముఖ్యమో ప్యానెల్ షాపులో పనిచేసిన ఎవరినైనా అడగవచ్చు.

ఇంత పొందికకు ఒక పెద్ద బలహీనత ఉంది, దాన్ని దాచిపెట్టడం భావ్యం కాదు. అన్నీ బ్లాకులోనే ఉన్నాయి కాబట్టి, ఎవరైనా తొందరలో బ్లాకును విడగొట్టే ఎక్స్‌ప్లోడ్ కమాండు కొడితే అన్నీ పోతాయి. కె1 ఉన్న చోట ట్యాగ్1 అన్న ఉత్త అక్షరాలు తేలతాయి. గీతలు ఎక్కడివక్కడే ఉంటాయి, కానీ క్రాస్ రిఫరెన్సుల్లో, బీఓఎంలో ఆ పరికరం ఇక కనిపించదు. షీటు ప్రింటు తీసి చూసినా అనుమానం రాకపోవచ్చు. కొత్తగా చేరిన డ్రాఫ్ట్స్‌మెన్‌కు కమాండులు నేర్పేముందు ఈ ఒక్కటి చెప్పాలని నేను గట్టిగా అంటాను.

అయితే ఆ బలహీనత పుట్టిన చోటే ఈ పద్ధతి బలమూ ఉంది. లైబ్రరీలో లేని పరికరం, ఉదాహరణకు ఒక కొత్త రకం సేఫ్టీ రిలే, వచ్చిందనుకోండి. దానికి ప్రోగ్రామర్ అక్కర్లేదు. మామూలు గీతలతో బొమ్మ గీసి, ట్యాగ్1, ఎంఎఫ్‌జీ, క్యాట్, కావలసినన్ని టెర్మ్ గళ్లు, ప్రతి టెర్మ్‌కు దిక్కు చెప్పే ఎక్స్ గడి పెట్టి, నియమం ప్రకారం ఫైలుకు పేరు పెడితే సరిపోతుంది. ఏ రకం పరికరానికి ఏ గళ్లు తప్పనిసరో చూపించే సింబల్ బిల్డర్ కూడా ఉంది. కానీ అది లేకుండా సాదా ఆటోక్యాడ్ కమాండులతో చేసిన గుర్తు కూడా అంతే బాగా పనిచేస్తుంది. దాన్ని వైరు మీద వదిలితే వైరు తెగుతుంది, పేరు పడుతుంది, పట్టీలోకి చేరుతుంది.