కాలయంత్రము — కోనసీమ ప్రేక్షకుడు

హాస్యకృతిని విమర్శింపబూనుట వ్యర్థకార్యమని కొందఱు పెద్దలందురు. మేమట్లు తలపము. జనులు దేనిని చూచి నవ్వుచున్నారో తెలిసికొన్నచో, దేనినిగూర్చి ఆలోచింపక విడిచిపెట్టుచున్నారో కూడ తెలియును. కావుననే సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వమున 1991లో వెలువడిన "ఆదిత్య 369" అను చలనచిత్రము 2025 ఏప్రిలులో మరల ప్రదర్శనకు రాగా, దానిని తిరిగి పరిశీలింపదలచితిమి.

కథ పసివాండ్రకు సయితము తెలియునట్టిది. ఒక శాస్త్రజ్ఞుడు కాలయంత్రమును నిర్మించును. దానిలో చిక్కుకొనిన కృష్ణకుమారుడును, హేమయు, పిఱికివాడైన యొక రక్షకభటుడును 1526లోని శ్రీకృష్ణదేవరాయల నగరమునకును, పిమ్మట 2504వ సంవత్సరమునకును పోవుదురు. బాలకృష్ణగారే కథానాయకుడు, ఆయనయే రాయలు. యంత్రమెట్లు నడచునని అడుగుటకు జంధ్యాలగారి సంభాషణలు తీరిక యియ్యవు.

గుణమును ముందు చెప్పెదము. పూర్వకాలమంతయు స్వర్ణయుగమని పొగడుట మనకలవాటు. ఈ చిత్రము విజయనగర వైభవమును కన్నులపండువుగా చూపును. కాని అచ్చటికి పోయిన నేటి మనుష్యునకు చేయని నేరము మోపబడి ప్రాణముమీదికి వచ్చును. వైభవమును చూచి మురిసినవాడు అచ్చట కాపురముండక తప్పించుకొని వచ్చును. పూర్వాచారపరాయణులకు మన యుపన్యాసములు చేయలేని బోధను ఈ నవ్వులాట చేసినది.

దోషము భావికాలమున కలదు. వెల్సు 1895లో ప్రకటించిన కాలయంత్రకథలో భూమిమీద సోమరులును, భూమిక్రింద శ్రమజీవులును రెండు జాతులుగా చీలిపోయిరి. ఆ చీలికకు కారణము ఆతని కాలపు ధనిక దరిద్ర భేదమే. మన చిత్రమునందును మహాయుద్ధానంతరము జనులు భూమిక్రిందనే నివసింతురు. కాని ఆ యుద్ధమెవరివలన, ఎవరి లాభమునకు జరిగినదను ప్రశ్న తలయెత్తకముందే పోరాటములు మొదలగును. హేమకును తోడుండుటకంటె వేఱు పనిలేదు. గోదావరి గట్టుననే వీరేశలింగముగారు సత్యరాజాచార్యుని స్త్రీలు పురుషులనేలు దేశమునకు పంపి, నవ్వించుచునే చదువరికి తన యింటి యన్యాయమును చూపిరి. వింతయాత్రకు ప్రయోజనమదియే.

ఈ మాట కోనసీమవారమైన మనకు మఱింత తగును. చిత్రము వెలువడిన నాలుగేండ్లకు, 1995 జనవరిలో, రాజోలు ప్రాంతమునందలి పాశర్లపూడియొద్ద సహజవాయువు బావి పేలి రెండునెలలకుపైగా మండెను. 2014 జూనులో నగరము గ్రామమున వాయుగొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా మరణించిరి. కొబ్బరితోటల నడుమ భూగర్భమునుండి మంటలు లేచుట చూచుటకు మనము 2504 వఱకు పోనక్కఱలేకపోయెను. యంత్రమును చూచి అబ్బురపడుట నేర్చితిమి. దానిని ఎవరు కాచుచున్నారు, ఎవరు ఉత్తరవాదులు అని అడుగుట ఇంకను నేర్వలేదు.

అమలాపురమునందును కొత్తపేటయందును బిడ్డలకు ఈ చిత్రమును చూపుడు. వారితోగూడ మీరును నవ్వుడు. ఇంటికి వచ్చినపిమ్మట మాత్రము, ఆ యంత్రము చెడినప్పుడు దానిని బాగుచేయవలసినవారెవరని వారినొకమాఱు అడుగుడు. విజ్ఞానమన్న మాటకు అర్థము అచ్చటనే ఆరంభమగును.