కుక్కల గుండె వైఫల్య ఔషధ పరిశోధనలు: ‘మనుగడ’ అనే మాట కొలిచేదేమిటి?

కుక్కల గుండె వైఫల్యానికి వాడే మందులపై వెలువడిన పరిశోధనలలో తరచుగా ఉదాహరించేవి రెండు: 2008 నాటి క్వెస్ట్, 2016 నాటి ఎపిక్. రెండూ పిమోబెండాన్ అనే మందును పరీక్షించినవే. రెండింటికీ నిధులు సమకూర్చింది ఆ మందును విక్రయించే బోరింగర్ ఇంగెల్‌హైమ్ సంస్థే. అంతమాత్రాన ఫలితాలు తప్పని చెప్పలేము. అయితే ఆ పత్రాలలోని సంఖ్యలు వైద్యుని సలహాగా మారి యజమాని చెవిన పడేసరికి ఏ అర్థాన్ని సంతరించుకుంటున్నాయన్నది పరిశీలించవలసిన విషయం.

‘గుండె వైఫల్యం’ అనగానే తెలుగు పాఠకునికి గుండె ఆగిపోవడం స్ఫురిస్తుంది. ఇక్కడ జరిగేది అది కాదు. వయసు మళ్లిన చిన్న జాతి కుక్కలలో మైట్రల్ కవాటం మందమై, సరిగా మూసుకోక, రక్తం ఎడమ కర్ణికలోకి వెనక్కి కారుతుంది. ఈ స్థితిలో ఏళ్ల తరబడి ఏ బాధా కనిపించకపోవచ్చు. కర్ణికలో పీడనం పెరిగి ఊపిరితిత్తులలో నీరు చేరినప్పుడే దానిని వైఫల్యమంటారు. నీరు చేరకముందు, చేరిన తరువాత అనే ఈ భేదమే రెండు పరిశోధనలనూ వేరు చేస్తుంది.

క్వెస్ట్ నీరు చేరిన తరువాతి దశకు సంబంధించినది. 252 కుక్కల వివరాలను విశ్లేషించగా, బెనజెప్రిల్ వాడినవాటిలో మధ్యగత కాలం 140 రోజులు, పిమోబెండాన్ వాడినవాటిలో 267 రోజులు. తేడా పెద్దదే. కాని ఇవి బతికిన రోజులు మాత్రమే కావు. గుండెజబ్బుతో మరణం, ఆ కారణంగా కారుణ్య మరణం, చికిత్స విఫలం కావడం - ఈ మూడింటిలో ఏది ముందు జరిగితే అక్కడితో లెక్క ఆగుతుంది. కారుణ్య మరణం వ్యాధి ఒక్కటే నిర్ణయించేది కాదు. రాత్రంతా ఆయాసపడే కుక్కను చూడలేని మనసు, మందుల ఖర్చు, వైద్యుని మాట కూడా అందులో కలిసి ఉంటాయి. ఏ కుక్కకు ఏ మందు అందుతున్నదో ఒక పక్షానికి మాత్రమే తెలియకుండా ఉంచిన అధ్యయనంలో ఇది చిన్న లోపం కాదు.

ఎపిక్ ఈ లోపాన్ని సరిదిద్దింది. ఇరు పక్షాలకూ తెలియకుండా, మందు లేని మాత్రతో పోల్చి, గుండె పెరిగినా ఇంకా నీరు చేరని 354 కుక్కలను విశ్లేషించింది. వైఫల్యం మొదలుకావడానికో, గుండెజబ్బుతో మరణానికో పట్టిన మధ్యగత కాలం ఒక వర్గంలో 766 రోజులు, మందు వాడిన వర్గంలో 1228 రోజులు. ‘పదిహేను నెలలు’ అనే ప్రసిద్ధి ఈ తేడా నుంచి వచ్చినదే. దానిని పదిహేను నెలల అదనపు ఆయుష్షుగా చదవడం పొరపాటు. అది ప్రధానంగా నీరు చేరకుండా గడిచిన కాలం. ఏ కారణంతో మరణించినా లెక్కించినప్పుడు 902, 1059 రోజులు. తేడా సుమారు ఐదు నెలలు. ముసలి కుక్కకు గుండెజబ్బు ఒక్కటే మృత్యుకారణం కాదు గదా! ఆయాసం లేని కాలం పెరగడం తక్కువ లాభమని నా వాదన కాదు. రెండు సంఖ్యలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు.

ఈ అధ్యయనంలో చేర్చుకున్నవి ఆరేళ్లు పైబడిన, 4.1 నుంచి 15 కిలోల బరువున్న కుక్కలు. పామరేనియన్‌కు ఈ ఫలితాన్ని అన్వయించవచ్చు గాని, అదే బలంతో లాబ్రడార్‌కు అన్వయించలేము. గుండె పెరిగిందని ఎక్స్‌రే, ఎకో పరీక్షలతో నిర్ధారించుకోకుండా, గుండె చప్పుడులో తేడా విన్నంతనే మాత్ర మొదలుపెట్టడానికీ ఎపిక్ ఆధారం కాదు.

మందుల సంఖ్య విషయంలోనూ అలవాటు ఆధారాన్ని మించిపోయింది. 2020లో వెలువడిన వాల్వ్ అధ్యయనంలో పిమోబెండాన్, ఫ్యూరోసెమైడ్‌లకు రామిప్రిల్‌ను జోడించినా 158 కుక్కలలో అదనపు ప్రయోజనం కనిపించలేదు. ఆ తరగతి మందులకు 1990లలో లభించిన గౌరవం పిమోబెండాన్ లేని కాలపు పోలికలపై ఆధారపడినది. మరో వింత, మనుషులలో పిమోబెండాన్ కథ ఇందుకు భిన్నం. 1996 నాటి పికో అధ్యయనంలో వ్యాయామశక్తి కొంత పెరిగినా, మరణాలు తగ్గలేదు సరికదా, పెరిగే ధోరణి కనిపించింది. ఒక జీవికి తేలిన సత్యాన్ని మరొక జీవికి అంటగట్టరాదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఇక ఫ్యూరోసెమైడ్. ఊపిరితిత్తుల నీటిని మూత్రం ద్వారా వెళ్లగొట్టే ఈ మందు లేకుండా పై అధ్యయనాలలో వైఫల్య దశ చికిత్సే లేదు. దీనిని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూడాలంటే కొన్ని కుక్కలను ఊపిరాడని స్థితిలో వదిలివేయాలి. ఆ పరీక్షను ఎవరూ కోరరు. దాని పనితీరును ఇంటిలోనే కొలవవచ్చు. నిద్రలో కుక్క ఛాతీ నిమిషానికి ఎన్నిసార్లు లేచి పడుతున్నదో లెక్కపెట్టి, అది తరచుగా 30 దాటుతుంటే మోతాదు గురించి వైద్యునితో మాట్లాడాలి.