యాభై ఖాళీ గీతలు

దొంగ సరుకులో పనితనం వెతకడం చాలామందికి రుచించదు. డెండీ విషయంలో మాత్రం వెతకక తప్పదు. 1992 డిసెంబరులో రష్యాలో స్టీప్లర్ అనే కంపెనీ బజారుకు తెచ్చిన వీడియో గేమ్ పెట్టె ఇది. అట్టపెట్టె మీద ఏనుగు బొమ్మ, లోపల జపాన్ నింటెండో కంపెనీ 1983 జులైలో విడుదల చేసిన ఫామికామ్‌కు నకలు. నింటెండో అనుమతి లేదు. తైవాన్‌కు చెందిన టీఎక్స్‌సీ ‘మైక్రో జీనియస్’ పేరుతో చేస్తున్న యంత్రానికే రష్యాలో కొత్త పేరు పెట్టారు. సోవియట్ యూనియన్ విడిపోయిన కొత్తలో అక్కడి పిల్లలకు వీడియో గేమ్ అంటే డెండీయే.

నకలు తీయడానికి ఫామికామ్ అనువైన యంత్రం. అమెరికా, యూరప్‌లలో అమ్మిన నింటెండో పెట్టెల్లో, కేసెట్ అసలుదో కాదో పరీక్షించే తాళం చిప్ ఒకటి ఉండేది. జపాన్ ఫామికామ్‌లో అది లేదు. ప్రధాన చిప్‌లు రెండే. తైవాన్‌లోనే ఉన్న యూఎంసీ వాటికి సాటి చిప్‌లు తయారుచేసింది. డెండీ మూత విప్పితే తరచుగా కనిపించేవి అవే: యూఏ6527పి, యూఏ6538. మొదటిది ఆటను నడిపి, పాట వాయిస్తుంది. రెండోది బొమ్మ గీస్తుంది.

ఇక్కడిదాకా గొప్పేమీ లేదు. చిక్కు టీవీ దగ్గర మొదలైంది. జపాన్ టీవీ పద్ధతికి తగ్గట్టు ఫామికామ్ సెకనుకు సుమారు 60 బొమ్మలు, బొమ్మకు 262 గీతల చొప్పున పంపుతుంది. రష్యాలో, యూరప్‌లో చాలాచోట్ల లెక్క వేరు: సెకనుకు 50 బొమ్మలు, బొమ్మకు 312 గీతలు. మన దూరదర్శన్ పద్ధతి కూడా ఇదే. అంటే ప్రతి బొమ్మకూ 50 గీతలు అదనంగా వచ్చిపడ్డాయి. వాటిని ఏం చేయాలి?

ఈ ప్రశ్న ఎంత ఇరకాటమైనదో తెలియాలంటే ఆ కాలపు ఆటలు రాసిన తీరు తెలియాలి. మారియోలో పైన స్కోరు పట్టీ కదలకుండా ఉంటుంది, కింద లోకమంతా పక్కకు జరుగుతుంది. బొమ్మ సగంలో ఉండగానే ప్రోగ్రాం చెయ్యి పెట్టి దృశ్యాన్ని జరపడం వల్ల జరిగే గమ్మత్తు అది. గీత ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడానికి కొన్ని ఆటలు ప్రాసెసర్ అడుగులను లెక్కపెట్టుకుంటాయి. ఫామికామ్‌లో ప్రాసెసర్ ఒక అడుగు వేసేలోగా బొమ్మ చిప్ మూడు చుక్కలు దాటుతుంది. ఈ మూడు తప్పితే లెక్కంతా తప్పినట్టే.

యూరప్ కోసం నింటెండో చేసిన సొంత యంత్రంలో ఆ మూడు తప్పింది. మూల గడియారం 26.6 మెగాహెర్ట్జ్. బొమ్మ చిప్‌కు దాన్ని 5తో, ప్రాసెసర్‌కు 16తో భాగించారు. అడుగుకు 3.2 చుక్కలయ్యాయి. యూఎంసీ ఇంజనీర్లు అదే గడియారాన్ని 5తో, 15తో భాగించారు. అడుగుకు సరిగ్గా మూడు చుక్కలు నిలిచాయి. ధ్వని కూడా ప్రాసెసర్ వేగాన్ని బట్టే పుడుతుంది కనుక దీనివల్ల ఇంకో మేలు జరిగింది. జపాన్ కేసెట్‌ను నింటెండో యూరప్ వేగంతో నడిపితే శ్రుతి దాదాపు 7 శాతం దిగుతుంది. నకలులో దిగేది ఒక్క శాతమే.

ఇక ఆ 50 గీతలు. బొమ్మ గీయడం ముగిశాక చిప్ ప్రాసెసర్‌కు ఒక సంకేతం పంపుతుంది. ఆ తర్వాత 20 గీతల విరామం. కొత్త బొమ్మకు కావలసిన మార్పులు ప్రోగ్రాం ఆ విరామంలో చేసుకోవాలి. నింటెండో 50 గీతలనూ ఈ విరామంలోనే కలిపి 70 చేసింది. యూఎంసీ వాటిని సంకేతానికి ముందు పెట్టింది. బొమ్మ ముగుస్తుంది, 50 గీతలు ఊరికే దొర్లిపోతాయి, అప్పుడు సంకేతం, ఆపైన అదే పాత 20. సంకేతం అందింది మొదలు అడుగులు లెక్కపెట్టే ఆటకు తాను జపాన్‌లో లేనన్న సంగతే తెలియదు. అదనపు గుడ్డను ఎక్కడ మడిచి కుడితే చొక్కా తీరు చెడదో ఎరిగిన దర్జీ పని ఇది.

నింటెండోకు ఇది చేతకాక కాదు. అక్కడ ఆటలు రాసేవాళ్లు యూరప్ కోసం వాటిని సవరించి ఇవ్వగలరు, పొడవైన విరామం వాళ్లకు సౌకర్యమే. నకలు చేసేవాళ్లకు ఆ వీలు లేదు. వాళ్ల పెట్టె కోసం జపాన్‌లో ఎవరూ ఆటను తిరగరాయరు. కేసెట్‌ను ముట్టుకోలేరు కాబట్టి యంత్రాన్నే దానికి అనుకూలంగా మలిచారు. అనుమతి లేకపోవడమే ఈ నేర్పుకు మూలం.

చేతికిచ్చిన ప్యాడ్‌లోనూ ఇదే బుద్ధి. ఫామికామ్ ప్యాడ్‌లు పెట్టెకే అతికి ఉంటాయి, రెండోదానికి స్టార్ట్ బటన్ కూడా ఉండదు. డెండీ క్లాసిక్‌లో ప్యాడ్‌లు ఊడదీయవచ్చు, పైగా టర్బో బటన్లు. టర్బో నొక్కి పట్టుకుంటే ప్యాడే సెకనుకు పలుమార్లు బటన్ నొక్కినట్టు చెబుతుంది. ఆటకు అది వేగమైన వేలు మాత్రమే. ఇక్కడా కేసెట్ జోలికి పోలేదు.

లోపాలు లేవనను. 50 బొమ్మల లెక్కలో ఆట ఆరోవంతు నెమ్మదిస్తుంది, దానికి ఏ చిప్ విరుగుడూ లేదు. ఈ జాతి నకళ్లలో చాలావాటికి రెండు స్వరరూపాలు తారుమారై పాట గొంతు మారిపోతుంది. ఎవరి ఆలోచననో ఎవరో అమ్ముకున్నారన్న మచ్చ ఎలాగూ పోదు.

అయినా పనితనానికి దక్కిన గుర్తింపు చూడండి. ఈనాడు పాత ఆటలను కంప్యూటర్‌లో నడిపే మెసెన్, ఎఫ్‌సీఈయూఎక్స్ వంటి ఎమ్యులేటర్లలో ప్రాంతం ఎంచుకోమంటే జపాన్–అమెరికా పద్ధతి, యూరప్ పద్ధతి పక్కన మూడోది కనిపిస్తుంది: డెండీ. ఆట ఫైళ్లకు వాడే నెస్ 2.0 తలకట్టులోనూ దానికంటూ ఒక అంకె ఉంది. మక్కీకి మక్కీ నకలైతే దానికి వేరే గడి అక్కర్లేదు. ఆ గడిని సంపాదించినవి 15తో చేసిన భాగహారం, సంకేతానికి ముందు పెట్టిన 50 గీతలు. ఆ రెండూ నింటెండోవి కావు.