పొద్దుటి ప్రశ్న

తెల్లవారుజామున నాలుగింటికి హొసకోటె వెళ్తే బిర్యాని కోసం జనం వరసలో నిలబడి ఉంటారు. బెంగళూరు నుంచి పాత మద్రాసు రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు బండి తోలుకొచ్చిన కుర్రాళ్ళే ఎక్కువ. దాదాపు అదే వేళకి చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా ఇంకో రకం ఆత్రం మేలుకొంటుంది. చేతులు వణుకుతుంటాయి. ఒక గుక్క పడితేగాని కాఫీ గ్లాసు పట్టు దొరకదు. బిర్యాని ఆత్రం అందరికీ తెలుసు. ఈ రెండోదాన్ని పసిగట్టాలంటే మంచి ప్రశ్న ఒకటి కావాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు సంగతి చూడండి. గుమ్మం దాకా రోగులు. మనిషికి మూడు నిమిషాలు దక్కితే గొప్ప. వచ్చినవాడు తాగుడు మాట ఎత్తడు. కడుపులో మంట అంటాడు, నిద్ర లేదంటాడు, ఒళ్ళునొప్పులంటాడు. “తాగుతావా?” అంటే “అప్పుడప్పుడు సార్” అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మద్యం సమస్య ఉన్నవాళ్ళలో నూటికి 86 మంది దాకా వైద్యం అందనివాళ్ళే. అందులో కొంత పాపం ఈ “అప్పుడప్పుడు”ది.

తాగుడు సమస్యను పసిగట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ‘ఆడిట్’ ప్రశ్నావళిలో పది ప్రశ్నలున్నాయి. నాకు నచ్చింది ఆరోది: ముందురోజు గట్టిగా తాగాక, పొద్దున లేవగానే మళ్ళీ ఒకటి పడితేగాని నిలబడలేని పరిస్థితి ఎన్నిసార్లు వచ్చింది? ఇందులో నింద లేదు, నీతి లేదు. ఎంత తాగావని అడిగితే అబద్ధం చెప్పొచ్చు. రాత్రి పదింటికి ఆఖరి గుక్క వేసినవాడి ఒంట్లో ఆరేడు గంటలకే లోటు మొదలవుతుంది. వణుకు, చెమట, గుండెదడ పొద్దున్నే పలకరిస్తాయి. ఆ ప్రశ్నకు నోరు తడబడినా చేతులు జవాబు చెప్పేస్తాయి.

లెక్క అడగడంలోనూ పనితనం ఉంది. ‘ఎన్ని పెగ్గులు’ అనేది ఊళ్ళో కొలత కాదు. ఇక్కడ కొలత తొంభై (మిల్లీలీటర్లు), లేదా క్వార్టర్. 42.8 శాతం సారం ఉన్న 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. పది గ్రాములను ఒక కొలతగా తీసుకుంటే ఆరు కొలతలు. ‘ఒక్క క్వార్టరే సార్’ అన్న మాటలోని ‘ఒక్క’ అక్కడ విప్పుకుంటుంది. భాష చిక్కు వేరే. కన్నడ కుర్రాళ్ళు ‘ఎణ్ణె’ అంటారు, అంటే నూనె. తెలుగిళ్ళలో ‘మందు’ అంటారు. “మందు వేసుకుంటున్నావా?” అని డాక్టరు మాత్రల గురించి అడిగితే, వాడు సిగ్గుపడి తల వంచుకోవచ్చు!

ఇలాంటి ప్రశ్నలను పల్లె డాక్టరు చేతికి అందించే పని నిమ్హాన్స్‌లో 1975 నుంచి సాగుతోంది. బెంగళూరు పక్కనున్న సకలవారలో మొదలైన ఆ పనిని 80లలో ఆర్. శ్రీనివాసమూర్తి, మోహన్ ఐజాక్, సి. ఆర్. చంద్రశేఖర్ వంటివాళ్ళు బళ్ళారి జిల్లా అంతటా చేసి చూపించారు. దేశమంతటికీ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అక్కడి నుంచే వచ్చింది. 1996లో మొదటి విడత తీసుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. డాక్టర్లకు రెండు వారాల శిక్షణ ఇచ్చేవారు. తరగతిలో బాగానే ఉండేది. తిరిగొచ్చి కుర్చీలో కూర్చోగానే రోగుల తాకిడికి నేర్చుకున్నది జారిపోయేది.

ఆ లోపాన్ని పట్టుకుని నిమ్హాన్స్‌కే చెందిన నారాయణ మంజునాథ, సి. నవీన్ కుమార్, సురేశ్ బాడ మఠ్ తదితరులు చెక్కిన పనిముట్టే ప్రాథమిక వైద్యుల క్లినికల్ షెడ్యూల్. దీనిలో నేను మెచ్చుకునేది చేర్చినవాటికంటే తీసేసినవాటిని. పాఠ్యపుస్తకంలోని వందల జబ్బుల్లోంచి పొగాకు, మద్యం, దిగులు, ఆందోళన, మనసు బాధ ఒంటినొప్పులుగా బయటపడడం, మతిభ్రమ వంటి కొన్నింటినే ఉంచారు. వడపోత ప్రశ్న, నిర్ధారణ, చికిత్స, ఎప్పుడు పైకి పంపాలి అన్నీ ఒకేచోట. శిక్షణ కూడా మార్చారు. డాక్టరు తన గదిలో తన రోగినే చూస్తుంటే నిపుణుడు వీడియోలో కూర్చుని గమనిస్తాడు, అవసరమైతే అందిస్తాడు. వడ్రంగి కొడుక్కి ఉలి పట్టడం నేర్పే పద్ధతి ఇదే.

కనిపెట్టాక చేసే పనిలో ప్రాణాలమీదికొచ్చే మెలికలున్నాయి. మన ఊళ్ళలో నీరసం అనగానే “గ్లూకోజు ఎక్కించండి సార్” అంటారు. ఏళ్ళ తరబడి తాగి, తిండి సరిగ్గా తినని మనిషికి ముందు థయమిన్, అంటే బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. దేవుడి మీద ఒట్టేసి ఒక్కసారిగా మానేసినవాడికి ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేనివి కనిపించవచ్చు, ఇంట్లోవాళ్ళు దయ్యం అనుకుంటారు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇలాంటిదే చూశాం. కల్లులో కలిపిన మత్తుమందులు హఠాత్తుగా ఆగిపోయి జనం ఆసుపత్రులకు పరుగెత్తారు. దుకాణం మూయించే ముందు దవాఖానాలో మంచాలు, మందులు సిద్ధం చేయడం కూడా పాలనే.

షెడ్యూల్‌కు చేతకానివీ ఉన్నాయి. శిక్షణ పొందిన డాక్టరు బదిలీ అయితే కుర్చీ మళ్ళీ మొదటికొస్తుంది. మాత్రలు అయిపోతే ఎంత మంచి ప్రశ్నయినా వృథా. రెండోసారి రాని రోగిని వెతుక్కుంటూ వెళ్ళాల్సింది ఆశా కార్యకర్తే. అయినా పనిముట్టుగా దీన్ని నేను మొదటి వరసలో పెడతాను.

మీ ఇంట్లో ఎవరికైనా పొద్దున్నే చేతులు వణుకుతుంటే ఒట్టు వేయించకండి, దగ్గరి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి. వెళ్ళడానికి మొహమాటమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416. డబ్బు అక్కర్లేదు, ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.