ముప్పై సెకన్ల నవ్వు

ప్రకటనలు రాసేవాడికి ఎప్పుడూ చాలనిది టైము. ముప్పై సెకన్లలో సరుకు చూపించాలి, కంపెనీ పేరు చెప్పాలి, కుదిరితే ఓ నవ్వు పుట్టించాలి. మాటలతో నవ్వించాలంటే సందర్భం కట్టాలి, పాత్రల్ని పరిచయం చేయాలి, సగం టైము దానికే పోతుంది. అందుకే ఎంతకీ జోకు పండకపోతే, కూర కుదరని రోజు పచ్చడి జాడీ దించినట్టు, గదిలో ఎవరో ఒకరు అంటారు: "ఓ పొట్టాయన్ని పెడదాం సార్. ఫ్రేములోకొస్తే చాలు, జనం నవ్వేస్తారు."

ఈ వృత్తిలోకి వచ్చినప్పటి నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాను. అనేవాళ్ళు దుర్మార్గులేం కాదు, డెడ్‌లైను నెత్తిమీదున్నవాళ్ళు. ఫ్రిజ్ ఎంత పెద్దదో చెప్పడానికి పక్కన ఒక పొట్టి మనిషి. హీరో ఎంత ఆజానుబాహుడో తెలియడానికి నడుం దగ్గర ఇంకొకాయన. ఆయనకు పేరుండదు, ఊరుండదు, డైలాగైతే అసలే ఉండదు. దీన్ని అందరూ దయలేనితనం అంటారు. నాకు మాత్రం చేతకానితనంగానే కనిపిస్తుంది. రాయడం రానిచోట ఒక మనిషి ఒంటిని తెచ్చి నిలబెట్టడం.

ఈ సంగతి ఎత్తగానే మనవాళ్ళు 'విచిత్ర సోదరులు' గుర్తు చేస్తారు. న్యాయమే. 1989లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ఆ సినిమాలో కమల్ హాసన్ మోకాళ్ళు మడిచి, వాటికే బూట్లు తొడుక్కుని అప్పు అనే పొట్టి మనిషి అయ్యారు. మన సినిమాకు కంప్యూటర్ గ్రాఫిక్స్ అందని రోజులు. ఎలా తీశారో అని ఇప్పటికీ తలలు బద్దలు కొట్టుకుంటాం. పైగా ఆ సినిమా అప్పును చిన్నచూపు చూడదు. అతను ప్రేమిస్తాడు, భంగపడతాడు, పగబడతాడు, పొడుగు విలన్లందర్నీ తెలివితో మట్టుబెడతాడు. మన కమర్షియల్ సినిమాలో పొట్టి మనిషికి అంత నిండు పాత్ర మళ్ళీ దొరకలేదంటే అతిశయోక్తి కాదు.

కానీ అప్పు ఎందుకు పొట్టిగా పుట్టాడు? కడుపుతో ఉన్న తల్లికి విలన్లు విషం తాగించారు గనక. కథకు పగ కావాలి, ఆ పగకు ఒక గుర్తు కావాలి, ఆ గుర్తు కొడుకు ఒంటిమీద వేశారు. నిజజీవితంలో ఇలాంటి పుట్టుకల్లో ఎక్కువ భాగం అకాండ్రోప్లేసియా. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే ఒక్క జన్యువులో వచ్చే మార్పు అది. అలా పుట్టినవారిలో దాదాపు 80 శాతం మంది తల్లిదండ్రులు మామూలు ఎత్తువాళ్ళే. అందులో విషమూ లేదు, పాపమూ లేదు, విలనూ లేడు. ఇంకో సంగతి. అప్పు పనిచేసే సర్కస్ డేరాలో అతని పక్కన నిజంగానే పొట్టిగా ఉన్న కళాకారులు కనిపిస్తారు. వాళ్ళ పేర్లు మీకు తెలుసా? నాకూ తెలియవు. మోకాళ్ళు మడిచిన నటుడి కష్టం గురించి మాత్రం గంటసేపు చెప్పగలం. 2018లో 'జీరో' వచ్చేసరికి ఆ కష్టం కూడా తప్పింది. షారుఖ్ ఖాన్‌ను గ్రాఫిక్సే పొట్టి చేసేసింది.

పక్కనే కేరళలో ఇంకోలా జరిగింది. 2005లో వినయన్ 'అద్భుత ద్వీపు' తీస్తూ, 76 సెంటీమీటర్ల ఎత్తున్న అజయ్ కుమార్‌ను హీరోగా పెట్టారు. గిన్నిస్ రికార్డు వచ్చింది, ఆయన గిన్నిస్ పక్రు అయ్యారు. ఆ మీదట 2013లో ఆయనే ఒక సినిమాకు దర్శకత్వం వహించారు. రికార్డు కన్నా నాకు నచ్చింది అదే. కెమెరా ఎక్కడ పెట్టాలో ఆయనే చెప్పే రోజొచ్చింది.

అమెరికా నటుడు పీటర్ డింక్లేజ్ మొదటి సినిమా 1995లో వచ్చిన 'లివింగ్ ఇన్ ఆబ్లివియన్'. అందులో ఆయనది కల సీనులో మరుగుజ్జుగా నడిచే నటుడి పాత్ర. అసలు కలలోకి మరుగుజ్జు ఎందుకు రావాలని దర్శకుణ్ణే నిలదీస్తాడు. మా గదుల్లో అడగాల్సిన ప్రశ్న అది. 2003 నాటి 'ది స్టేషన్ ఏజెంట్'లో ఆయన రైళ్ళ పిచ్చి ఉన్న ఒంటరి మనిషి. ఎదుటివాళ్ళ చూపులు అందులోనూ తప్పవు, కానీ మనకు గుర్తుండేది ఆ రైలు పిచ్చే.

2022లో 'స్నో వైట్' కొత్త సినిమా సంగతి తెలిసి, గుహలో ఏడుగురు మరుగుజ్జుల పాత కథే మళ్ళీనా అని డింక్లేజ్ మండిపడ్డారు. డిస్నీ దారి మార్చుకుంది. 2025లో తెరమీదికొచ్చిన ఏడుగురూ గ్రాఫిక్స్ బొమ్మలు! మా నోటికాడి కూడు పోయిందని పొట్టి నటులు కొందరు వాపోయారు. వాళ్ళ కోపాన్ని నేను కొట్టిపారేయలేను. మన రిసెప్షన్ల గేటు దగ్గర జోకరు వేషంలో షేక్‌హ్యాండిచ్చే ఆయన ఇంటద్దె ఆ వేషంలోంచే వస్తుంది. వేషం తీసేసి, బదులుగా ఏమీ ఇవ్వకపోతే ఆయనకు ఒరిగిందేమిటి?

మన దగ్గర 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మరుగుజ్జుతనాన్ని గుర్తించి, పెద్దయ్యాక 147 సెంటీమీటర్లు లేదా అంతకు తక్కువ ఎత్తు అని లెక్క చెప్పింది. 2024 జులైలో సుప్రీంకోర్టు 'ఆంఖ్ మిచోలీ' సినిమా కేసులో ఇంకో అడుగు వేసింది. వైకల్యం ఉన్నవారిని కించపరిచే హాస్యం వేరు, వైకల్యాన్ని అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు అని గీత గీసింది. హాస్యాన్నే వద్దనలేదు, గమనించండి. పొట్టివాళ్ళు జోకులెయ్యకూడదా? వెయ్యాలి. ఆ జోకు వాళ్ళ నోటి నుంచి రావాలి.

రాసేవాళ్ళకు నా విన్నపం ఇంతే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో, పొట్టి క్రీడాకారుల ఎఫ్41 విభాగంలో, నవదీప్ సింగ్ 47.32 మీటర్ల దూరం ఈటె విసిరి స్వర్ణం తెచ్చారు. ఆయనతో యాడ్ రాయమంటే ఎవరూ ఫ్రిజ్ పక్కన నిలబెట్టరు, ఆయన చేసే పనేమిటో తెలుసు గనక. మిగతావాళ్ళకూ ఆ మర్యాద చెయ్యండి. బ్యాంకు క్యాషియరో, బిరియానీ మాస్టరో, పొద్దున్నే పెళ్ళాంతో పోట్లాడి వచ్చిన ఆటో డ్రైవరో, ముందు అది రాయండి. ఎత్తు సంగతి కెమెరా చూసుకుంటుంది. ఒక్క మంచి డైలాగివ్వండి, డైలాగున్న పాత్రకు ఇచ్చే పేమెంటే ఆయనకూ ఇవ్వండి.