ఊరు లేని తోక

బల్లి మీద పడితే పంచాంగం తీసే ఇల్లు మాది. అలాంటి ఇంట్లో పుట్టి బల్లుల కోసం కొండలెక్కానంటే మా అమ్మకి ఇప్పటికీ మింగుడు పడదు. “అవి మీద పడితే మేం తలస్నానం చేస్తాం. నువ్వేంట్రా, వాటి మీద పడతావు?” అంటుంది.

చెప్పుకోడానికి పని చిన్నదే. అటవీశాఖ అనుమతి కాగితం జేబులో పెట్టుకుని, చీకటి పడ్డాక టార్చితో బండల సందులు వెతకాలి. బల్లిని మెత్తగా పట్టి, తోక కొసన బియ్యపు గింజంత ముక్క తీసి, ఆల్కహాలు పోసిన బుల్లి గొట్టంలో వేయాలి. తోక మళ్లీ మొలుస్తుంది. కాకపోతే లోపల ఎముక రాదు, మృదులాస్థి కడ్డీ వస్తుంది. రంగూ కాస్త తేడాయే, మాసికేసిన చొక్కాలా. ఆ ముక్కలో సైటోక్రోమ్-బి లాంటి జన్యువు చదివితే తల్లి వైపు వంశం తెలుస్తుంది. తొండ ముదిరితే ఊసరవెల్లి అంటాం గానీ, డీఎన్ఏ ముందు ఆ సామెత చెల్లదు.

మొదటి ఏడాది నేను గొట్టాల మీద కొండల పేర్లు బాల్‌పెన్నుతో రాశాను. మూతలు సరిగ్గా బిగించలేదు. ఆల్కహాలు కారి తొమ్మిది గొట్టాల మీద సిరా అలుక్కుపోయింది. ఏ తోక ఏ కొండదో తెలియదు. మా గైడ్ సార్ తిట్టలేదు, పెన్సిల్ చేతికిచ్చారు. పెన్సిల్ రాత ఆల్కహాలులో కరగదు.

ఊరి పేరు విలువేంటో మేం వెతికే బంగారు బల్లినే అడగాలి. 1870లో దాన్ని తొలిసారి వర్ణించిన బెడ్డోమ్ తిరుపతి కొండలని రాసిపెట్టాడు. నూరేళ్లు దాటాక, 1986లో, ఆంధ్ర తూర్పు కనుమల్లో మళ్లీ దొరికిందన్న వార్త అచ్చయింది. తర్వాత తమిళనాడు, ఒడిశా కొండల్లోనూ కనిపించింది. దాని ప్రజాతిలో ఇంకొక్క జాతే ఉంది, అది శ్రీలంకలో. బండను వదలని జీవి ఇది. కొండకీ కొండకీ మధ్య పొలాలూ రోడ్లూ. పక్క కొండతో పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఎప్పుడు ఆగిపోయిందో జన్యువుల్లో వెతకాలి. ఏ కొండనైనా క్వారీకి రాసిచ్చే ముందు తేల్చుకోవాల్సిన సంగతి అదే. నన్నడిగితే, ఎవరూ తేల్చుకోరు.

ఆ తొమ్మిది గొట్టాలూ పారేయడానికి మనసొప్పలేదు. ఫ్రీజర్‌లో ఓ మూల ఉన్నాయి. ఒకదాని మీద నీలి మరక పక్కన ‘కొండ’ అన్న మాట మాత్రం మిగిలింది. ఏ కొండో లేదు.